చేనుకి మురుగు కాలువ, మిషన్‌కి డ్రెయిన్ పైపు

(పాలకొల్లు దగ్గర ఒక ఊరి పంచాయతీ హాలులో మహిళా సంఘాల వారి ముందు, వాటర్ ఫిల్టర్లు బిగించే ఒక మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకీ, అక్కలకీ, వెనక బల్లల మీద కూర్చున్న పెద్దలకీ నమస్కారం అండి. నీళ్లలో ఉప్పు తీసే ఆర్‌ఓ మిషన్ గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఇందాక లోపలికి వస్తుంటే ఇద్దరు ముగ్గురు ఆపి, ఏ కంపెనీది మంచిది అని అడిగారు. కంపెనీల సంగతి నేను ఇక్కడ చెప్పనండి. నేను చెప్పడానికి వచ్చింది ఒక గొట్టం గురించి. మిషన్‌కి ముందు వైపు మంచినీళ్లు వచ్చే కుళాయి ఉంటుంది, దాన్ని అందరూ చూస్తారు, రోజూ తుడుస్తారు కూడా. వెనక నుంచి పెన్సిల్ అంత లావున ఇంకో గొట్టం వస్తుంది. వేస్ట్ నీళ్లు పోయేది. దాని వంక ఎవరూ చూడరు. నేను రిపేరుకి వెళ్లిన చాలా ఇళ్లలో అసలు తేడా ఆ గొట్టం దగ్గరే దొరికింది.

మనం డెల్టాలో పుట్టిన వాళ్లం కాబట్టి ఇది మీకు చెప్పడం తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర అనగానే మనకి కాలువలు గుర్తుకొస్తాయి. కానీ ఒక్క పంట కాలువ తవ్వేసి ఊరుకుంటే ఈ నేల ఏమైపోయేదో మీ ఇంట్లో వ్యవసాయం చేసేవాళ్లని అడగండి. చేలో పెట్టిన నీరు ఎటూ పోకుండా నిలిచిపోతే, ఎండకి నీరు ఆవిరైపోతుంది గానీ నీటిలో ఉన్న ఉప్పు ఎక్కడికీ పోదు. సార్వాకి కొంత, దాళ్వాకి కొంత, అలా పేరుకుంటుంది. కొన్నేళ్లకి గట్టు పక్కన తెల్లగా పొడి తేలుతుంది. చేను చౌడెక్కింది అంటాం. అందుకే పంట కాలువలతో పాటు మురుగు కాలువలు కూడా ఉన్నాయి మనకి. భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్ పూడుకుపోతే చేలన్నీ మునుగుతాయని రైతులు గోల పెడతారు కదండీ, ఆ బాధే మీ వంటింటి గోడ మీద ఉన్న మిషన్‌ది కూడా. దానికీ ఒక పంట కాలువ, ఒక మురుగు కాలువ ఉన్నాయి.

అసలు ఆ మిషన్ లోపల ఏం జరుగుతోందో చెబుతాను. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకి ఉప్పు కలిపి జాడీలో వేస్తారు. తెల్లారేసరికి ఊట వస్తుంది. ఆ నీళ్లు ఎవరు పోశారు? ఎవరూ పోయలేదు. ముక్కలో ఉన్న నీరే బయట ఉన్న ఉప్పు వైపు నడిచి వచ్చింది. నీటి గుణమే అది. పల్చటి పొరకి ఒక పక్క ఉప్పు ఎక్కువగా ఉంటే మంచినీరు ఆ పక్కకి పోతుంది. ఆర్‌ఓలో మనం దాన్ని వెనక్కి నడిపిస్తున్నాం. ఉప్పు ఉన్న వైపు నుంచి మంచినీటిని ఇవతలికి లాగాలి. అది దానంతట అది రాదు కాబట్టి పంపు పెట్టి తోస్తాం. మీ మిషన్‌లో గుర్రుమని వినపడేది ఆ పంపే. చదరపు సెంటీమీటరుకి ఐదారు కిలోల ఒత్తిడితో నీటిని పొర మీదకి నెడుతుంది.

ఆ పొర ఇదిగోండి. పాడైన మెంబ్రేన్ ఒకటి కోసి తెచ్చాను, చేతులు మార్చుకుంటూ వెనక దాకా పంపండి. విప్పి చూస్తే మన ఆత్రేయపురం పూతరేకు చుట్టినట్టే ఉంటుంది, పొర మీద పొర, మధ్యలో వల గుడ్డ. నీరు ఈ చివర నుంచి లోపలికి వెళ్లి పొరల మధ్య పారుతుంది. కొంత నీరు పొరలోంచి ఊరి, చుట్టూ తిరిగి తిరిగి నడిమధ్యన చిల్లులున్న ఈ గొట్టంలోకి చేరుతుంది. అది మీరు తాగే నీరు. మిగిలింది, తన ఉప్పుతో పాటు అవతలి నీటి ఉప్పు కూడా మోసుకుంటూ, ఆ చివర నుంచి బయటికి పోవాలి. పోతూనే పొరని కడుగుతుంది. పోకపోతే ఉప్పంతా పొర మీదే దిగిపోతుంది. చేను చౌడెక్కినట్టే మెంబ్రేన్ కూడా చౌడెక్కుతుంది. ఇలాంటి పొరని పనికొచ్చేలా మొదట తయారుచేసింది 1960 ప్రాంతంలో, లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో సిడ్నీ లోబ్ గారు, శ్రీనివాస సౌరిరాజన్ గారు. వారిలో ఒకరు మన దేశం నుంచి వెళ్లిన మనిషి.

కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది చాలామంది చేయరు. ముందు నీళ్లు కొలవండి. టీడీఎస్ మీటరు అని థర్మామీటర్ లాంటిది ఉంటుంది. నీటిలో కరిగిన లవణాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో సుమారుగా చూపిస్తుంది. తాగే నీటికి మన భారతీయ ప్రమాణం 500 లోపు ఉండాలంటుంది. వేరే నీరు దొరకని చోట 2000 దాకా సర్దుకోవచ్చంటుంది. టీడీఎస్ 500 కంటే తక్కువ ఉన్న నీటికి ఆర్‌ఓ పెట్టనివ్వకూడదని 2019లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. మంచినీళ్ల చెరువులో గోదావరి కాలువ నీరే నింపి, వడకట్టి, కుళాయికి వదిలే ఊళ్లలో మీటరు చాలాసార్లు 500కి చాలా కిందే ఉంటుంది. అలాంటి ఇంట్లో ఆర్‌ఓ పెడితే పొర చేయడానికి పెద్ద పనేమీ ఉండదు, నీళ్లు మాత్రం పారబోసుకోవడమే. ఆ ఇంటికి క్రిముల్ని కాంతితో చంపే యూవీ ఫిల్టర్ చాలు. లేకపోతే కాచి చల్లార్చుకోవడం చాలు. నా దగ్గర మిషన్ కొనకపోయినా పర్వాలేదు, ఆ మాట నేను ఏ ఇంట్లోనైనా చెబుతాను.

కానీ మీటరు ఒక్కదాన్నే నమ్మకండి. అది ఉప్పుని చూస్తుంది, క్రిముల్ని చూడదు, పురుగుమందుని చూడదు. మీటరు 150 చూపించిన నీళ్లు తాగి విరేచనాలు పట్టుకోవచ్చు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఉన్న చెరువు నీరే అడుగంటి, రంగు మారి వస్తుంది. పైన రొయ్యల చెరువుల నీరు ఎక్కడ కలిసిందో మీటరు చెప్పదు. అనుమానం ఉంటే శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపించండి.

ఇక నరసాపురం, మొగల్తూరు, రాజోలు, సఖినేటిపల్లి వైపు, సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్ల మీదే బతికే ఇళ్లున్నాయి. అక్కడ ఆర్‌ఓ కావాల్సిందే. అయితే ఇంటి మిషన్లలో వేసే మామూలు మెంబ్రేన్ 2000 దాకానే తట్టుకుంటుంది. మీ బోరు 3000 చూపిస్తుంటే, దాని మీద ఇంటి మిషన్ పెట్టి ఆరు నెలలకోసారి మెంబ్రేన్ మార్చుకోవడం డబ్బు దండగ.

బిగించే పని గురించి. మీరే బిగించుకోమని కాదు, బిగించేవాడు ఏం చేస్తున్నాడో పక్కన నిలబడి చూడండి అని చెబుతున్నాను. పొయ్యి పక్కన వద్దు, ఎండ పడే గోడ వద్దు, ఎండ తగిలితే ట్యాంకులో పాచి పడుతుంది. ప్లగ్గు మిషన్ కింద ఉండకూడదు, పక్కకో పైకో ఉండాలి, ఎర్త్ ఉండాలి. పైన ట్యాంకు నుంచి మిషన్‌కి కనీసం పది అడుగుల ఎత్తు తేడా ఉంటే నీరు బాగా అందుతుంది. మేడ లేని ఇంట్లో ట్యాంకు తక్కువ ఎత్తులో ఉంటే పంపు నీరందక ఊరికే తిరిగి పాడవుతుంది. గొట్టాన్ని బ్లేడుతో నిటారుగా కోయాలి. కత్తెరతో నొక్కి కోస్తే కొస నలిగి, అక్కడే కారుతుంది. గొట్టం కొస ఆగే దాకా లోపలికి తోసి, లాక్ క్లిప్ పెట్టి, ఒకసారి వెనక్కి లాగి చూడాలి.

మెంబ్రేన్ వేయక ముందే బయటి ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్ గుండా ఒక బకెట్ నీళ్లు వదలాలి. కొత్త కార్బన్ నుంచి మొదట కాటుక లాగా నల్లగా నీళ్లు వస్తాయి. తొందర్లో మెకానిక్ అది మానేస్తే ఆ నలుపంతా కొత్త పొరలో ఇరుక్కుంటుంది. తేరిన నీళ్లు వచ్చాక, చేతులు కడుక్కుని మెంబ్రేన్ తీసుకోవాలి. రెండు చిన్న రబ్బరు రింగులున్న కొస ముందు లోపలికి వెళ్లాలి. రింగు జారడానికి నీళ్లు తడిపితే చాలు, కొబ్బరినూనె, గ్రీజు రాయకూడదు. అంతా అయ్యాక కింద పాత పేపరు పరిచి ఒక గంట ఆగండి. సన్నగా చెమ్మ ఊరుతుంటే కంటికి కనపడదు, పేపరు మీద మచ్చ మాత్రం దాగదు. మొదటి రెండు ట్యాంకుల నీళ్లు పారబోయండి. కొన్ని కొత్త మెంబ్రేన్లని చెడిపోకుండా మందులో నిల్వ చేస్తారు, అది కడుక్కుపోవాలి.

ఇప్పుడు ఆ గొట్టం దగ్గరికి వద్దాం.

మా మేనత్త గారిది కోనసీమలో లంక ఊరు. బోరు నీళ్లే. ఆవిడకి మిషన్ నేనే బిగించాను. డ్రెయిన్ పైపుని వంటగట్టు కింద నేల మీద నుంచే తీసుకెళ్లి, గోడకి చిల్లు పెట్టి పెరట్లోకి వదిలాను. రెండు వారాలు తిరక్కుండా గ్యాస్ బండ మార్చారు. కొత్త బండ సరిగ్గా ఆ గొట్టం మీద కూర్చుంది. గొట్టం పూర్తిగా మూసుకుపోలేదు, నలిగింది. పెరట్లో సన్నగా ధార పడే చోట చుక్క చుక్కగా పడుతోంది. అత్త సంతోషించింది, వేస్ట్ నీళ్లు తగ్గాయని. నాలుగు నెలలకి ఫోన్ చేసి, "ఒరేయ్ అబ్బాయ్, నీళ్లు ఉప్పగా తగులుతున్నాయిరా, మిషన్ కూడా పొద్దస్తమానం గుర్రుమంటూనే ఉంది" అంది. వెళ్లి మెంబ్రేన్ తీస్తే తడి ఇటుక లాగా బరువుగా ఉంది. కోసి చూస్తే పొరల మధ్య వల కనపడకుండా తెల్లగా గారకట్టేసింది. ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతోంది అదేనండి. గోటితో గీస్తే సుద్ద రాలినట్టు రాలుతుంది. ఆ రోజు అత్త ముందే దాని మీద అర చెక్క నిమ్మకాయ పిండితే బుసబుసా నురగ వచ్చింది. సున్నం అన్నమాట. గొట్టానికి గోడ మీద జానెడు ఎత్తున నాలుగు క్లిప్పులు కొట్టి ఉంటే ఆ మెంబ్రేన్ రెండేళ్లు వచ్చేది. ఆ తప్పు నాది. అప్పటి నుంచి ఏ ఇంట్లోనూ డ్రెయిన్ పైపుని నేల మీద వదల్లేదు.

కాబట్టి ఆ గొట్టం మడత పడకూడదు, దాని మీద ఏదీ కూర్చోకూడదు. మిషన్ కంటే కిందికే పోవాలి. దాని కొస మురుగు గొట్టంలోకి దూర్చకూడదు, డ్రమ్ములో పెడితే నీళ్లలో మునగకూడదు. కొసకీ కింది నీళ్లకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉండాలి, మురుగు వెనక్కి ఎక్కడానికి దారి ఇవ్వకూడదు. ఆ కొస మీ కంటికి కనపడే చోట ఉండాలి. అది నా పట్టుదల.

ఇంకొకటి చెబుతాను, కొంచెం బాధగానే చెబుతున్నాను. డ్రెయిన్ దారిలో ఎఫ్‌ఆర్ అని వేలెడంత ముక్క ఉంటుంది. ఎంత నీరు పోవాలో అది కట్టడి చేస్తుంది. లోపల ఒత్తిడి నిలబడేది దాని వల్లే. మెంబ్రేన్ సైజుని బట్టి దాని నంబరు ఉంటుంది. వేస్ట్ నీళ్లు ఎక్కువ పోతున్నాయని ఇంట్లో వాళ్లు విసుక్కుంటే, వాళ్లని సంతోషపెట్టడానికి చిన్న నంబరు ఎఫ్‌ఆర్ వేసేసి వెళ్లిపోయేవాళ్లున్నారు. బోరు నీళ్ల ఇంట్లో అలా చేస్తే మురుగు కాలువకి అడ్డుకట్ట వేసినట్టే. ఎవరైనా "వేస్ట్ తగ్గించేస్తానమ్మా" అంటే, ఏం మారుస్తున్నావు బాబూ అని అడగండి.

మీ మిషన్ ఎలా ఉందో మీరే తెలుసుకోవచ్చు. లీటరు సీసా, చేతిలో ఫోను చాలు. మిషన్ నడుస్తున్నప్పుడు డ్రెయిన్ కింద సీసా పెట్టి ఎంతసేపట్లో నిండిందో చూడండి. ట్యాంకులోకి పడే మంచినీళ్ల గొట్టం కింద కూడా అలాగే చూడండి. డ్రెయిన్ 2 నిమిషాల్లో, మంచినీళ్లు 6 నిమిషాల్లో నిండితే, ఒక లీటరు మంచినీటికి 3 లీటర్లు పోతున్నట్టు. కొత్తగా బిగించిన రోజు ఈ రెండు లెక్కలూ, లోపలికి వచ్చే నీటి టీడీఎస్, బయటికి వచ్చే నీటి టీడీఎస్, తేదీ ఒక కాగితం మీద రాసి మిషన్ పక్కన అంటించండి. మూడు నెలలకోసారి మళ్లీ కొలవండి. డ్రెయిన్ నిండడానికి ఎక్కువ టైము పడుతోందంటే ఆ దారి మూసుకుంటోంది. మంచినీళ్లే నెమ్మదించాయంటే ముందు బయటి ఫిల్టర్ మార్చి చూడండి, తర్వాత పంపు, ఆ తర్వాతే మెంబ్రేన్. ట్యాంకు నిండి మిషన్ ఆగాక కూడా డ్రెయిన్ పోతూనే ఉంటే, మిషన్ ఆగినప్పుడు నీళ్లని ఆపే ఎస్‌వీ వాల్వ్ పట్టడం లేదు, అది చవకలో పోయే పని. ఈ కాగితం ఉంటే ఏ మెకానిక్ వచ్చినా అవసరం లేనిది మార్చమని మీతో అనలేడు.

పోయిన నీళ్లు ఏం చేయాలి? నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకి రోజుకి 20 లీటర్లు అనుకుంటే 60 లీటర్లు బయటికి పోతాయి. నెలకి 1800 లీటర్లు. ఇల్లు తుడవడానికి, బాత్రూముకి, వాకిట్లో కల్లాపికి వాడుకోండి. కొబ్బరి చెట్టు ఆ ఉప్పు తట్టుకుంటుంది. కరివేపాకు, కూరపాదులకి రోజూ అవే పోస్తే కొన్నాళ్లకి ఆకు అంచులు మాడతాయి. పైన ట్యాంకులోకి మాత్రం తిరిగి ఎక్కించకండి, ఉప్పు తిరిగి తిరిగి పెరుగుతూనే ఉంటుంది. వీటన్నిటి కంటే ముఖ్యం, ఆ నీళ్లు ఇంటి వెనక గుంటలో నిలవకూడదు. గోదావరి జిల్లాల్లో బోదకాలు వాళ్లు లేని ఊరు మన చిన్నప్పుడు ఉందా అండి? మా నాయనమ్మ ఆ కాలితోనే బతికి ఆ కాలితోనే పోయింది. ఆ దోమ పుట్టేది నిలవ ఉన్న మురుగులోనే. నీటి జబ్బు రాకూడదని మిషన్ పెట్టుకుని, దాని వెనకే దోమల్ని పెంచితే నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఊరెళ్లేటప్పుడు మిషన్ ఎలా వదలాలి అని ముందు వరసలో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. రెండు రోజులైతే ఏమీ వద్దు. వారం దాటితే ముందు ప్లగ్గు తీయండి, తర్వాత నీళ్లు వచ్చే వాల్వ్ కట్టండి. కుళాయి తిప్పి ట్యాంకు మొత్తం వదిలేయండి. ఆర్‌ఓ నీళ్లలో బ్లీచింగ్ వాసన కూడా మిగలదు కాబట్టి నిలవుంటే క్రిములు తొందరగా పడతాయి. అడుగున బిరడా ఉంటే అది కూడా తీసి వంచండి. మెంబ్రేన్‌ని మాత్రం తీసి ఆరబెట్టకండి. ఒకసారి తడిసిన పొర ఎండితే మళ్లీ సరిగ్గా పనిచేయదు. దాని గూట్లో దాని నీళ్లలోనే ఉండనివ్వండి. తిరిగొచ్చాక రెండు ట్యాంకులు నింపి పారబోసి, మూడోది తాగండి. నెలలు నెలలు ఇల్లు తాళం వేసేవాళ్లు మెకానిక్‌ని పిలిచి మెంబ్రేన్‌ని మందులో పెట్టించుకోవాలి.

ఫిల్టర్ గిన్నె విప్పేటప్పుడు కూడా ఇదే వరస. ప్లగ్గు, వాల్వ్, తర్వాత కుళాయి తిప్పి ఒత్తిడి దింపడం, కింద బకెట్, ఆ తర్వాతే పానా. ఒత్తిడి దింపకుండా విప్పితే గిన్నె చేతిలోంచి ఎగురుతుంది, వంటిల్లు తడుస్తుంది. ఇంకో సంగతి, పైన ట్యాంకు కడిగి బ్లీచింగ్ వేసే రోజు మిషన్‌కి నీళ్లు కట్టేయండి. ఘాటైన క్లోరిన్ పొరని తినేస్తుంది. మామూలు రోజుల్లో కార్బన్ ఫిల్టర్ దాన్ని ఆపుతుంది, అంత మోతాదు ఆపలేదు.

లంకల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలోనూ 25 లక్షలు దాటింది. ధవళేశ్వరంలో 13.75 అడుగులు, రెండో ప్రమాద హెచ్చరిక అన్నారంటే ప్లగ్గు తీసి, ట్యాంకు వంచేసి, మిషన్‌ని అటక మీదకి ఎక్కించండి. అడాప్టర్ తడిస్తే కరెంటుతో ప్రమాదం. వరద నీరు లోపలికి దిగితే ఫిల్టర్లు, మెంబ్రేన్ అన్నీ మార్చాలి, కడిగి వాడుకుందాం అనుకోవద్దు.

తలో సీసాలో మీ ఇంటి నీళ్లు తెమ్మన్నాను, చాలామంది తెచ్చినట్టున్నారు. మీటరు నా దగ్గర ఒక్కటే ఉంది, వరసగా రండి. డ్రెయిన్ నీళ్లు విడిగా తెచ్చినవాళ్లు ఆ సీసా కూడా ఇవ్వండి, రెండూ పక్కపక్కన చూద్దాం. ముందు మీరు రండమ్మా. ఇవి బోరు నీళ్లా, పంచాయతీ కుళాయివా?